మోకాల్లో రేడియేషన్ ఇంజెక్షన్ తర్వాత: ఏ స్కాన్, ఎప్పుడు, ఎలా పోల్చి చూడాలి

పలాస జీడిపప్పు బట్టీల్లో ముప్పై ఏళ్లు కింద కూర్చుని పిక్కలు ఒలిచిన ఒక అమ్మ, మోకాల్లో రేడియేషన్ ఇంజెక్షన్ చేయించుకున్న మర్నాడు మా గామా కెమెరా బల్ల మీద పడుకుని అడిగింది: "ఏటి బాబూ, మందు మోకాల్లోనే ఉందా, ఒళ్లంతా పాకేసిందా?"

నాలుగు నెలల తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ చేసి ఇంకో ప్రశ్న అడిగాడు. "వాపు నిజంగా తగ్గిందా సార్, లేక ఆ సూదిలో కలిపిన స్టెరాయిడ్ వల్ల తగ్గినట్టు అనిపించిందా?"

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబిచ్చే స్కాన్ ఇంకోదానికి జవాబివ్వదు. ఇది తెలియక మన వాళ్లు తీయించకూడని రోజున తీయకూడని స్కాన్ తీయించి, రిపోర్టు చూసి కంగారు పడుతుంటారు. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. విశాఖలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చే కుటుంబాల కోసమూ, ఈ కోర్సు చదువుతున్న మన పిల్లల కోసమూ ఇది రాస్తున్నాను. వైద్యం ఎవరికి చేయాలి, ఎవరికి వద్దు అన్నది డాక్టరుగారి మాట. నేను చెప్పేది బొమ్మల సంగతి.

మొదటి పని: ఏ మందు ఎక్కించారో రాయించుకోండి

ఈ వైద్యాన్ని రేడియోసైనోవెక్టమీ అంటారు. కీలు లోపల పల్చని పొర ఒకటి ఉంటుంది. కీళ్లవాతంలోనూ, హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న పిల్లల్లో మాటిమాటికీ రక్తం కారడం వల్లనూ అది దళసరిగా వాచిపోతుంది. ఆ పొరను కత్తితో కోయకుండా బీటా కణాలతో కాల్చి తగ్గించడమే ఈ ఇంజెక్షన్ పని. ఆస్ట్రియాలో ఫెల్లింగర్, ష్మిడ్ అనే ఇద్దరు 1952లో రేడియోధార్మిక బంగారంతో ఇది మొదలుపెట్టారు. ఇప్పుడు బంగారం వాడడం లేదు.

మోకాలికి ఎక్కువగా వాడేది ఇట్రియం-90. దీని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 64 గంటలు. బీటా కణాలు కండలో గరిష్ఠంగా 11 మిల్లీమీటర్ల దాకా పోతాయి, సగటున అంతకంటే చాలా తక్కువ. భుజం, మోచెయ్యి, మణికట్టు, చీలమండ లాంటి మధ్యరకం కీళ్లకు రీనియం-186, చేతివేళ్ల కీళ్లకు ఎర్బియం-169 వాడతారు. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు హైడ్రాక్సీఅపటైట్ రేణువులకు లుటీషియం-177 అంటించి కీళ్ల కోసం మందు తయారుచేశారు. ఫాస్ఫరస్-32, రీనియం-188, హోల్మియం-166 కూడా వాడుకలో ఉన్నవే.

ఇంత వివరం ఎందుకంటే, ఏ కెమెరాతో బొమ్మ తీయాలో మందే నిర్ణయిస్తుంది. లుటీషియం-177 నుంచి 113, 208 కేఈవీ (కిరణం శక్తికి కొలత) గామా కిరణాలు వస్తాయి. రీనియం-186 నుంచి 137, రీనియం-188 నుంచి 155 కేఈవీ వస్తాయి. వీటికి మామూలు గామా కెమెరాతోనే శుభ్రమైన బొమ్మ దొరుకుతుంది, వేరే తంటా అక్కర్లేదు. ఎర్బియంకి వాడుకునేంత గామా లేదు. దాని బీటా శక్తి కూడా చాలా తక్కువ, కాబట్టి నేరుగా బొమ్మ తీయడం కుదరదు. వేలి కీలులో మందు ఎలా పరుచుకుందో చూడాల్సి వస్తే, కొద్దిపాటి టెక్నీషియం (మామూలు స్కాన్‌లకు వాడే, గామా ఇచ్చే మందు) కొల్లాయిడ్‌ని దాంతో కలిపి ఎక్కించి, ఆ టెక్నీషియాన్ని చూస్తారు. ఇట్రియం, ఫాస్ఫరస్ నుంచి బయటికొచ్చేది దాదాపు అంతా బీటాయే. మరి వాటికి బొమ్మ ఎలా? చిక్కంతా అక్కడే, అందుకే ఎక్కువ మాటలు వాటి గురించే చెబుతాను.

కాబట్టి డిశ్చార్జి కాగితం మీద మూడు సంగతులు ఉండేలా చూసుకోండి: మందు పేరు, డోసు ఎన్ని మెగాబెకరెల్‌లు లేదా మిల్లీక్యూరీలు, ఎక్కించిన తేదీ-సమయం. మోకాలికి ఇట్రియం సాధారణంగా 185 మెగాబెకరెల్‌లు, అంటే 5 మిల్లీక్యూరీలు. సమయం లేకపోతే తర్వాత ఏ లెక్కా వేయలేం.

రెండో పని: ఇంజెక్షన్‌కి ముందే ఒక బోన్ స్కాన్

నాలుగు నెలల తర్వాత "తగ్గిందా?" అని అడగాలంటే, ముందు ఎంత ఉండేదో తెలియాలి. అందుకే ఇంజెక్షన్‌కి ముందు మూడు దశల బోన్ స్కాన్ తీస్తారు, అంటే టెక్నీషియం మందు రక్తంలోకి ఎక్కించి తీసే ఎముకల స్కాన్ (దశల సంగతి ఏడో పనిలో చెబుతాను). దాంతోపాటు మోకాలికి అల్ట్రాసౌండ్ కూడా. మోకాలి వెనక బేకర్ సిస్ట్ అనే నీటి తిత్తి ఉందా, అది పగిలిందా అన్నది అందులో తెలుస్తుంది. పగిలిన తిత్తి ఉంటే ఈ ఇంజెక్షన్ చేయరు, ఎందుకంటే మందు కాలి పిక్కలోకి జారిపోతుంది.

ఇక్కడ నేను కళ్లారా చూసిన ఒక పొరపాటు చెప్పాలి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక పెద్దాయన దూరం నుంచి వచ్చారని, పదేపదే తిప్పించడం ఎందుకని పొద్దున్నే బోన్ స్కాన్ తీసి, అదే రోజు మధ్యాహ్నం ఇట్రియం ఎక్కించారు. మర్నాడు మందు ఎక్కడుందో చూద్దామని బొమ్మ తీశాను. మోకాలు, తొడ ఎముక, కాలి ఎముక అన్నీ వెలుగుతున్నాయి. మందు కీలు దాటి పాకేసిందనుకుని నాకు చెమటలు పట్టాయి. మా సీనియర్ డాక్టరుగారు వచ్చి తెర వైపు ఒక్కసారి చూసి, "రెండో మోకాలు చూడు" అన్నారు. సూది వేయని మోకాలు కూడా అలాగే వెలుగుతోంది. అది ఇట్రియం కాదు, ముందురోజు బోన్ స్కాన్‌కి ఎక్కించిన టెక్నీషియం. దాని అర్ధాయువు 6 గంటలు కాబట్టి 24 గంటల తర్వాత ఇంకా 16వ వంతు మిగులుతుంది. 740 మెగాబెకరెల్‌లు ఎక్కిస్తే, మూత్రంలో పోయింది వదిలేసి క్షయం ఒక్కటే లెక్కేసినా 46 దాకా ఉంటుంది. ఇట్రియం ఇచ్చే మసక బొమ్మని కప్పేయడానికి అది చాలా ఎక్కువ.

మూడు రోజులు ఆగితే 4,096వ వంతు మిగులుతుంది, ఇక అడ్డు రాదు. అందుకే బోన్ స్కాన్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య కనీసం మూడు రోజుల ఎడం పెట్టించుకోండి. ఇంకోసారి బస్సు ఛార్జీ అవుతుంది నిజమే. ఆ ఖర్చు పెట్టక తప్పదు.

మూడో పని: ఇంజెక్షన్ అయిన రాత్రి విశాఖలోనే ఉండండి

మందు ఎక్కించాక మోకాలికి చెక్క కట్టి 48 నుంచి 72 గంటలు కదపొద్దంటారు. ఇది బొమ్మకీ సంబంధించిన విషయమే. కీలు కదిలితే లోపలి ఒత్తిడి పెరిగి, రేణువులు లింఫ్ నాళాల గుండా గజ్జల్లోకి జారే అవకాశం పెరుగుతుంది. శ్రీకాకుళం దాకా వంద కిలోమీటర్ల పైమాటే, అక్కడి నుంచి పల్లెకు ఆటోలో ఇంకో గంట. ఆ కుదుపుల్లో మోకాలిని ఎవరు ఆపగలరు? ఆ రాత్రి విశాఖలో ఉండి, మర్నాడు స్కాన్ చేయించుకుని, కాలు చాపుకోడానికి వీలైన బండిలో వెళ్లడం మేలు. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే, ఊరినుంచి బయల్దేరే ముందే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చి పెట్టుకోండి. డిశ్చార్జి రోజున ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

నాలుగో పని: మర్నాటి బొమ్మ

"మందు మోకాల్లోనే ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

ఇట్రియం బీటా కణం పరిగెత్తుతూ పరమాణు కేంద్రకాల పక్కన వంగి, వేగం తగ్గినప్పుడు కొంత శక్తి ఎక్స్-కిరణంగా బయటపడుతుంది. దీన్ని బ్రెమ్‌స్ట్రాలుంగ్ అంటారు. జర్మన్ మాట, బ్రేకు వేసినప్పుడు పుట్టే వికిరణం అని అర్థం. టెక్నీషియానికి 140 కేఈవీ దగ్గర నిటారుగా ఒక శిఖరం ఉంటుంది. దీనికి శిఖరమే ఉండదు, కింది నుంచి పై దాకా ఏటవాలుగా పరుచుకుని ఉంటుంది. అందుకే 50 నుంచి 150 కేఈవీ లాంటి వెడల్పైన విండో (కెమెరా లెక్కలోకి తీసుకునే శక్తి పరిధి) పెట్టి, మీడియం ఎనర్జీ కలిమేటర్ (కెమెరా ముందు పెట్టే సీసపు జల్లెడ) వాడతాం. బొమ్మ పొగమంచులో చూసినట్టు మసగ్గానే వస్తుంది. మసగ్గా ఉందని పారేయకండి, అడిగిన ప్రశ్నకు ఆ మసకే చాలు.

ముందుగా రెండు మోకాళ్లూ కలిపి ఒక బొమ్మ, తర్వాత గజ్జలు, ఆ తర్వాత కాలేయం, ప్లీహం ఉన్న పొట్ట భాగం తీస్తాం. ముందు నుంచీ వెనక నుంచీ రెండు వైపులా తీయాలి. మోకాలు ఎంత గట్టిగా వెలుగుతుందంటే, దాని పక్కన గజ్జల్లో ఉన్న చిన్న మెరుపు కనిపించదు. కాబట్టి గజ్జల బొమ్మ తీసేటప్పుడు మోకాలిని కెమెరా చూపులోంచి తప్పించాలి, లేదా సీసం పలకతో కప్పాలి. చదువుకునే పిల్లలు సాధారణంగా మరిచిపోయేది ఇదే. కప్పకుండా తీసి "లీకేజీ లేదు" అని రాస్తే ఆ మాటకు విలువ లేదు.

ఎంత జారిందో అంకెల్లో చెప్పాలంటే ఇలా చేయాలి. మోకాలి చుట్టూ ఒక గీత, గజ్జ గ్రంథి చుట్టూ ఒక గీత, పక్కన ఏమీ లేని చోట గజ్జ గీతంత సైజులోనే ఇంకో గీత గీయండి. లెక్క అర్థం కావడానికి అంకెలు వేస్తాను. నేపథ్యం తీసేశాక మోకాల్లో 48,600 కౌంట్లు (కెమెరా లెక్కపెట్టిన కిరణాలు) వచ్చాయనుకోండి. గజ్జలో 520, నేపథ్యం 400. తీసేస్తే 120. 120ని 48,720తో భాగిస్తే 0.25 శాతం దగ్గర వస్తుంది. ముందు బొమ్మలోనూ వెనక బొమ్మలోనూ విడివిడిగా కౌంట్లు తీసి, రెండింటినీ గుణించి వర్గమూలం తీసుకోండి. అప్పుడు లోతు తేడా చాలావరకు సర్దుకుంటుంది. మోకాలూ గజ్జా వేర్వేరు బొమ్మల్లో ఉంటే, రెండూ ఒకే కెమెరాతో, ఒకే విండోతో, ఒకే వ్యవధిలో తీసినవై ఉండాలి. సీసం పలక కప్పిన బొమ్మలోంచి మోకాలి కౌంట్లు తీసుకోకూడదు.

చూడగానే భయపెట్టేది ఒకటుంది. మోకాలి చిప్ప పైన నాలుగు వేళ్ల ఎత్తు దాకా మందు కనిపిస్తుంది. అది లీకేజీ కాదు, కీలు సంచి అక్కడి దాకా ఉంటుంది. మందు అక్కడికి చేరడం మంచి గుర్తు. చర్మానికి ఆనుకుని సూది గుచ్చిన చోట చుక్కలా వెలుగుతుంటే మాత్రం డాక్టరుగారికి వెంటనే చూపాలి, అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంటుంది.

ఐదో పని: స్పెక్ట్-సీటీ అవసరమా?

ప్లేనార్ బొమ్మలో, అంటే నాలుగో పనిలో చెప్పిన చదును బొమ్మలో, ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. మందు కీలు సంచిలోనే ఉందా, వెనక తిత్తిలోకి పోయిందా, కీలు పక్క కండలో పడిందా అని అనుమానం వస్తే స్పెక్ట్-సీటీ తీయాలి. కెమెరా మోకాలి చుట్టూ తిరుగుతూ అరగంటలోపు తీస్తుంది, దాని మీద తక్కువ డోసు సీటీ అతికిస్తారు. ఇందులో అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కించరు. మోకాలు చెక్కలో ఉంటుంది కాబట్టి కదలిక సమస్య కూడా ఉండదు.

నా ఉద్దేశం చెబుతున్నాను: స్పెక్ట్-సీటీ ఉన్న సెంటర్లో ఇట్రియం మోకాలికి ప్లేనార్ బొమ్మతో పాటు మోకాలి స్పెక్ట్-సీటీ కూడా తీయడమే సరైన జోడీ. ఎక్కడికి జారిందో మొదటిది చెబుతుంది, కీలులో ఎలా పరుచుకుందో రెండోది చెబుతుంది. మందంతా ఒకే మూల ముద్దలా ఉంటే, మిగతా పొరకు అందలేదని అర్థం. తర్వాత ఫలితం సరిగా రాకపోతే కారణం వెతకడానికి ఆ బొమ్మ పనికొస్తుంది. హీమోఫిలియా ఉన్న చిన్న పిల్లలకైతే సీటీని మోకాలి వరకే పరిమితం చేయమని అడగండి.

ఆరో పని: పెట్-సీటీ గురించి ఉన్నది ఉన్నట్టు

"పెద్ద స్కాన్ తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది కదా?" అని అడిగే వాళ్లు చాలామంది. సగం నిజమే. ఇట్రియం-90 క్షయాల్లో పది లక్షలకు సుమారు 32 సార్లు ఒక పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్) కూడా పుడుతుంది. పెట్ యంత్రం చూసేది దాన్నే. 185 మెగాబెకరెల్‌లు అంటే సెకనుకు 18.5 కోట్ల క్షయాలు. దాన్నుంచి సెకనుకు 5,920 పాజిట్రాన్లు. కిందటి వారం క్యాన్సర్ స్కాన్‌కి వచ్చినాయనకు ఎక్కించిన ఎఫ్‌డీజీ అనే చక్కెర లాంటి మందులో కోట్లలో ఉంటాయి. అందుకే మోకాలు ఒక్కదానికే 20, 30 నిమిషాలు కదలకుండా పడుకోవాలి.

దొరికిన బొమ్మ మాత్రం బ్రెమ్‌స్ట్రాలుంగ్ కంటే చాలా స్పష్టంగా ఉంటుంది. కీలు సంచి అంచు, మడతలు విడివిడిగా తెలుస్తాయి. పొరకు ఎంత డోసు అందిందో లెక్క వేయాలంటే ఇదే నమ్మదగ్గది. మరి లీకేజీ చూడ్డానికో? నూటికి ఒక వంతు గజ్జల్లోకి జారిందనుకుంటే, అక్కడ సెకనుకు 59 పాజిట్రాన్లే. పెట్ స్ఫటికాల్లో చాలావాటిలో సహజంగానే లుటీషియం-176 ఉంటుంది, దాని సొంత గోల వెనక నుంచి వినబడుతూనే ఉంటుంది. ఆ సందడిలో 59ని పట్టుకోవడం కష్టం. దగ్గరి చూపు పెట్‌కి ఉంది, దూరం చూపు ప్లేనార్ బొమ్మకి ఉంది. కాబట్టి పెట్ తీయించారని ప్లేనార్ మానేయకూడదు. డోసు లెక్క కావాలనో, స్పెక్ట్‌లో అనుమానం తీరలేదనో డాక్టరుగారు అడిగితే తప్ప, ఇంట్లో ఆవు అమ్మి పెట్ తీయించాల్సిన పని లేదు.

టెక్నాలజిస్టు పిల్లలకు ఒక మాట. కొన్ని పాత యంత్రాల ఐసోటోప్ జాబితాలో ఇట్రియం-90 ఉండదు. వేరే పాజిట్రాన్ ఐసోటోప్ పేరు పెట్టి తీస్తే, అర్ధాయువునీ పాజిట్రాన్ శాతాన్నీ తర్వాత చేత్తో సరిచేయాలి. సరిచేయని అంకె రిపోర్టులోకి వెళ్లనివ్వకండి.

ఏడో పని: నాలుగు నెలల తర్వాత

మొదటి వారాల్లో వచ్చే ఉపశమనంలో ఎంత స్టెరాయిడ్‌ది, ఎంత రేడియేషన్‌ది అని ఎవరూ విడదీయలేరు. మొదటి రోజుల్లో వాపు పెరిగినా అది వైద్యం చెడిందనడానికి గుర్తు కాదు. 4 నుంచి 6 నెలల మధ్య మూడు దశల బోన్ స్కాన్ మళ్లీ తీసి, పాతదాని పక్కన పెట్టి చూడాలి.

మొదటి దశలో సూది వేస్తుండగానే ఒక నిమిషం పాటు రక్తం మోకాలికి ఎంత వేగంగా వస్తోందో చూస్తాం. రెండోది ఆ తర్వాత పది నిమిషాల లోపు తీసే బొమ్మ, రక్తం ఎక్కడ నిలిచిందో చూపిస్తుంది. మూడోది 2 నుంచి 4 గంటల తర్వాత ఎముక బొమ్మ. వాచిన పొర సంగతి చెప్పేది రెండో బొమ్మ. మూడోది ఎముక అరుగుదల సంగతి చెబుతుంది. అరిగిన ఎముక ఈ ఇంజెక్షన్‌తో బాగుపడదు, కాబట్టి మూడో బొమ్మ అలాగే వెలుగుతూ ఉంటుంది. రిపోర్టులో "ఇంకా అప్‌టేక్ ఉంది" (అంటే మందు ఇంకా పడుతోంది) అన్న ఒక్క ముక్క చదివి, వైద్యం దండగైపోయిందని ఏడ్చిన వాళ్లని నేను చూశాను. వాళ్ల రెండో బొమ్మలో వెలుగు సగానికి తగ్గి ఉంది. దాని గురించి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

కంటితో పోలిస్తే మోసపోతాం, తెర వెలుగు పెంచితే ఏ మోకాలైనా మండిపోతుంది. నిష్పత్తి తీయాలి. రెండో బొమ్మలో మోకాలి మీద పిక్సెల్‌కి 84 కౌంట్లు, అదే కాలి తొడ మధ్యలో 28 అనుకుందాం, నిష్పత్తి 3. నాలుగు నెలల తర్వాత 45, 25 వస్తే నిష్పత్తి 1.8. అంటే 40 శాతం తగ్గింది. తొడతో భాగించడం వల్ల ఈసారి మందు కొంచెం తక్కువ ఎక్కినా లెక్క చెడదు. అయినా కెమెరా, కలిమేటర్, సూదికీ బొమ్మకీ మధ్య నిమిషాలు, రెండుసార్లూ ఒకేలా ఉండాలి. వీలైతే మొదట తీసిన సెంటర్లోనే రెండోదీ తీయించండి.

ఈ దశలో ఇట్రియం బొమ్మ మళ్లీ తీయమని అడగకండి. 64 గంటల అర్ధాయువున్న మందు నాలుగు నెలలకు ఆనవాలు లేకుండా పోతుంది. హీమోఫిలియా అబ్బాయికైతే ఆర్నెల్లలో ఎన్నిసార్లు మోకాల్లో రక్తం కారిందన్న లెక్కే ఏ స్కాన్ కంటే విలువైనది, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. అల్ట్రాసౌండ్‌లో పొర మందం, డాప్లర్‌లో రక్తప్రసరణ శ్రీకాకుళం, విజయనగరంలోనే చూపించుకోవచ్చు. వాపు తగ్గి, నడక బాగుండి, అల్ట్రాసౌండ్ కూడా బాగుంటే బోన్ స్కాన్ అవసరం లేదని డాక్టరుగారు చెప్పవచ్చు, అప్పుడు పట్టుబట్టకండి.

ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. కీళ్ల నొప్పికి మెడికల్ షాపు మాత్రలు మింగి, ఉన్న కిడ్నీ పాడుచేసుకున్న వాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. అలాంటి వాళ్లకి కీలులోనే పనిచేసే వైద్యం గురించి డాక్టరుగారిని అడగడంలో అర్థం ఉంది. కానీ స్కాన్ గదిలో మీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో తప్పకుండా చెప్పండి. బోన్ స్కాన్ మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది. కిడ్నీ నెమ్మదిస్తే ఆ మందు కండలో ఎక్కువసేపు నిలిచి, మూడో బొమ్మ మసకబారుతుంది. ముందే తెలిస్తే ఇంకాస్త ఆలస్యంగా తీస్తాం. "నీళ్లు బాగా తాగండి" అన్న మాట అందరికీ చెప్పేదే, డయాలసిస్ వాళ్లకి వర్తించదు. మీ కిడ్నీ డాక్టరు చెప్పిన కొలతే పాటించండి. ఎమ్మారై రాస్తే గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు కూడా ఈ సంగతి చెప్పాలి.

చివరి పని: ఫైలు

ఫిల్ములు చాలవు. ప్రతి స్కాన్‌కీ డైకామ్ ఫైళ్లు (బొమ్మ అసలు అంకెలుండే కంప్యూటర్ ఫైళ్లు) ఉన్న సీడీ అడగండి, ఫిల్ము మీది బొమ్మలోంచి కౌంట్లు తీయలేం. సీడీ తీసుకున్న రోజే తేదీ, స్కాన్ పేరు, ఎక్కించిన డోసు, సూది వేసిన సమయం, బొమ్మ తీసిన సమయం ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టండి. ఆ పలాస అమ్మ కొడుకు అన్నీ జీడిపప్పు ప్యాకింగ్ కవర్లో సీలు వేసి తెచ్చాడు, వానలో తడిసి వచ్చినా లోపల చుక్క నీరు లేదు. పాత సీడీ ఒక తెర మీద, కొత్తది ఇంకో తెర మీద పెట్టి పది నిమిషాల్లో నిష్పత్తి తీసి డాక్టరుగారి చేతికి ఇచ్చాను. ఆయన ఇద్దరినీ లోపలికి పిలిచారు.